సిరిమాను చూడాలంటే సోమవారమే దిగండి

ముందు మీరు అడిగింది క్లుప్తంగా చెప్పేస్తాను, ఇదే సందేహం ఉన్న మిగతావాళ్ళకీ పనికొస్తుంది. బెంగళూరు నుంచి మీరు, మీవారు, ఎనిమిదేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులున్న మీ అత్తగారు విజయనగరం పైడితల్లమ్మ పండక్కి రావాలనుకుంటున్నారు. మంగళవారం పొద్దున్న విశాఖలో కారెక్కి, ఇక్కడ కోట, గురజాడ ఇల్లు, సంగీత కళాశాల చూసేసి, మధ్యాహ్నం సిరిమాను (పొడవాటి మాను చివర పూజారి కూర్చుని వచ్చే ఊరేగింపు) చూసి, రాత్రికి వెనక్కి వెళ్ళిపోవాలని మీ ప్లాన్. కుదురుతుందా అని అడిగారు.

కుదరదండి.

నేను పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్ళోనే. మెట్టినిల్లు కూడా ఇక్కడే, కోటకి పది నిమిషాల నడక. యాభై ఎనిమిదేళ్ళలో సిరిమాను చూడనిది రెండేళ్ళే. ఒకసారి పురిట్లో ఉన్నాను, ఇంకోసారి బ్యాంకు వాళ్ళు ట్రాన్స్‌ఫర్ చేసి రాయలసీమ పంపారు. ఏటా మా ఇంటికి దిగే చుట్టాల్ని వెంటేసుకుని తిప్పి తిప్పి నేర్చుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాను. నా సలహా ఒకటే: సోమవారం మధ్యాహ్నానికి దిగండి, బుధవారం రాత్రికి బయల్దేరండి. సోమవారం రాత్రి జాతర, మంగళవారం సిరిమాను, బుధవారం ఊరు. మంగళవారం నాడు ఊరు చూడటం అన్నమాటే లేదు. ఆ రోజు ఊరు కనబడదు, తలకాయలే కనబడతాయి.

తేదీ సంగతి ముందు చూసుకోండి. విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం సిరిమానోత్సవం అని అందరూ చెబుతారు, అది నిజమే. కానీ దసరా, మంగళవారం మరీ పక్కపక్కన పడ్డ ఏడాది ఒక వారం ఆలస్యమవుతుంది. 2023లో దసరా 23, 24 తేదీల్లో వచ్చింది, సిరిమాను మాత్రం అక్టోబర్ 31న. క్యాలెండర్ చూసి సొంతంగా లెక్కేసుకుని టికెట్లు తీసేసుకున్న మా పిన్ని కూతురు కుటుంబం ఆ ఏడు వారం ముందే వచ్చి, ఊరి మధ్య ఉన్న అమ్మవారి చదురుగుడిలో దర్శనం చేసుకుని, పందిళ్ళు చూసి వెళ్ళిపోయారు. దేవస్థానం వాళ్ళు ప్రకటించాక టికెట్లు తీసుకోండి. అలాగే వాన. అక్టోబర్ అంటే మాకు తుఫాన్ల నెల. 2014లో సిరిమాను అయిన వారం తిరక్కుండానే హుద్‌హుద్ వచ్చి పడింది. గొడుగు జనంలో పనికిరాదు, పిల్లాడికో రెయిన్‌కోటు పెట్టుకోండి.

ఇక కథ. ఇది తెలియకుండా చూస్తే సిరిమాను ఒక పెద్ద ఊరేగింపులా అనిపిస్తుంది, అంతే. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది కదా. ఫ్రెంచి సేనాని బుస్సీ సాయంతో విజయనగరం రాజు పెద విజయరామరాజు బొబ్బిలి మీదికి వెళ్ళాడు. కోట పడిపోయింది, బొబ్బిలి వాళ్ళంతా నేలకొరిగారు. ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు రాజుగారి గుడారంలోకి చొరబడి ఆయన్ని పొడిచేశాడు. ఇదంతా చరిత్ర. ఆ రాజుగారి చెల్లెలు పైడిమాంబ. ఈ యుద్ధం వద్దని ముందునుంచీ అన్నగారిని బతిమాలిందట. ఒంటి మీద అమ్మవారు (మశూచి) పోసి లేవలేని స్థితిలో ఉండి కూడా, అన్నకి ఆపద అని తెలిసి పతివాడ అప్పలనాయుడిని వెంటబెట్టుకుని బయల్దేరింది. పెద్దచెరువు దగ్గరికి వచ్చేసరికి అన్న పోయాడన్న కబురు చెవిన పడింది, అక్కడే పడిపోయింది. తన ప్రతిమ చెరువు పడమటి గట్టున దొరుకుతుందని, తీసి గుడి కట్టమని అప్పలనాయుడికి చెప్పిందని, బెస్తవాళ్ళు వలలు వేసి ఆ ప్రతిమని పైకి తీశారని పెద్దల మాట.

చూడండి, ఇక్కడ అమ్మవారు ఏ రాక్షసుడినో చంపి వెలిసిన తల్లి కాదు. అన్నగారి యుద్ధం ఆపాలనుకుని ఆపలేకపోయిన ఆడపడుచు. మా అమ్మమ్మ ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆ చెరువు దగ్గరికి వచ్చేసరికి గొంతు మారిపోయేది. బొబ్బిలి నుంచి వచ్చినవాళ్ళు పక్కనుంటే మాత్రం ఈ కథ కాస్త చూసుకుని చెప్పండి. వాళ్ళ కథలో దుఃఖం ఇంకా పెద్దది.

ప్రతిమ దొరికిన చోట కట్టింది వనంగుడి, ఇప్పటి రైల్వేస్టేషన్ దగ్గర. అప్పట్లో అదంతా అడవి కాబట్టి, ఊరి మధ్య మూడు లాంతర్ల దగ్గర ఇంకో గుడి కట్టారు, అది చదురుగుడి. లాంతర్ల పాత స్తంభం 2020లో తీసేశారు. పేరు మాత్రం ఊరి నోట్లో అలాగే ఉంది, ఆటోవాళ్ళు ఆ పేరే చెబుతారు. పండగ అంతా ఈ చదురుగుడికీ కోటకీ మధ్యనే.

సోమవారం రాత్రిది తొలేళ్ళు. బయటి ఊళ్ళవాళ్ళు దీన్ని వదిలేసి మంగళవారం కోసం వస్తారు, అదే నా బాధ. తొలి ఏరు, అంటే మొదటి అరక అన్నమాట నుంచి ఆ పేరు వచ్చిందని చెబుతారు. మా ఉత్తరాంధ్ర పల్లెల్లో గ్రామదేవత పండగ ఎక్కడ జరిగినా ముందురోజు తొలేళ్ళు ఉంటుంది. ఆ రాత్రి అమ్మవారి ఘటాలు కోటకి వెళ్ళి తిరిగి చదురుగుడికి వస్తాయి. ఆ తర్వాత పూజారి రైతులకి విత్తనాలు ఇస్తాడు. పిడికెడు గింజలే. వాటిని తీసుకెళ్ళి ఇంట్లో ఉన్న విత్తనాల్లో కలుపుకుంటే పంట బాగా పండుతుందని నమ్మకం.

నాలుగైదేళ్ళ క్రితం నా పక్కన ఒక ముసలాయన నిలబడ్డాడు. గజపతినగరం వైపు పల్లె. గింజలు చేతిలో పడగానే తువ్వాలు కొసలో పోసి, ఒక ముడి వేసి, నమ్మకం చాలక దాని మీద ఇంకో ముడి వేసి, ఆ కొసని బొడ్లో దోపుకున్నాడు. నేను చూస్తున్నానని గమనించి నవ్వాడు. "ఏటి తల్లీ, మీకూ పొలం ఉందేటి?" అన్నాడు. లేదన్నాను. "మరి ఊరకే వచ్చినారా!" అని, ఎందుకో జాలిపడి, ముడి మళ్ళీ విప్పి నాలుగు గింజలు నా చేతిలో పెట్టాడు. మా పెరట్లో కుండీలో చల్లితే రెండు మొలిచాయి.

ఇది గాక ఆ రాత్రి రోడ్డు పొడుగునా వేషాలూ వాయిద్యాలూ. పులివేషాలు, కోలాటాలు, సాముగరిడీలు, అన్నిటికన్నా తప్పెటగుళ్ళు. మీరు బెంగళూరులో చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను. గుండ్రటి రేకు తప్పెట ఛాతీ మీద కట్టుకుని, రెండు చేతులతో వాయిస్తూ, కాళ్ళకి గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ పాడుతూ ఆడతారు. ఇది మా ప్రాంతం యాదవుల కళ. దూరం నుంచి చూస్తే కసరత్తులా ఉంటుంది. దగ్గరికి వెళ్తే ఆ రేకు చప్పుడు మన ఛాతీలో మోగుతుంది. పిల్లాడికి ఇది చూపించండి, సిరిమాను కన్నా ఇదే గుర్తుంటుంది. తొమ్మిదింటికి వెళ్తే పదకొండు దాకా హాయిగా చూడొచ్చు. ఆ తర్వాత పల్లెల బళ్ళు దిగడం మొదలై తొక్కిసలాట పెరుగుతుంది, పిల్లాడితో ఉండకండి.

మంగళవారానికి వద్దాం. సిరిమాను అంటే చింతచెట్టు మాను. ఆ ఏడు ఏ ఊళ్ళో ఏ చెట్టు అన్నది అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. చెట్టు ఎవరి పెరట్లో ఉంటే వాళ్ళు అదృష్టంగా భావించి ఇచ్చేస్తారు. దానితోపాటు ఇరుసుమాను కూడా తెస్తారు. మా ఊళ్ళోనే ఉన్న హుకుంపేటలో దాన్ని చెక్కి సిద్ధం చేస్తారు. యాభై అరవై అడుగుల పొడుగు మాను, చివర చిన్న పీట. ఆ పీట మీద పూజారి కూర్చుంటాడు. అప్పలనాయుడి వంశం వాళ్ళే ఇప్పటికీ. బండి మీద ఇరుసుకి బిగించి మానుని పైకి లేపితే ఆ మనిషి మూడంతస్తుల మేడ ఎత్తున గాల్లో తేలుతూ వస్తాడు. ఆ రోజుకి ఆయన పూజారి కాదు, అమ్మవారే.

మీకు మానుని దగ్గరగా చూడాలని, పిల్లాడికి ఎలా బిగించారో చూపించాలని ఉంటే మధ్యాహ్నం ఊరేగింపులో ఆశ పెట్టుకోకండి. ఆదివారమో సోమవారమో దిగితే ముందు హుకుంపేట వెళ్ళండి. వీధిలో మాను పడుకోబెట్టి ఉంటుంది. ఆడవాళ్ళు బిందెలతో పసుపునీళ్ళు పోసి దణ్ణం పెట్టుకుంటూ ఉంటారు. పచ్చి చింతకర్ర వాసన, పసుపు వాసన కలిసి వస్తాయి. చేత్తో తాకొచ్చు. వడ్రంగుల పని చూడొచ్చు, అడ్డం రాకుండా. మా వాళ్ళందరికీ నేను చేసే మర్యాద ఇదే, హుకుంపేట తీసుకెళ్ళడం. మంగళవారం నాడు దాన్ని అక్కడినుంచే చదురుగుడికి తీసుకొస్తారు.

ఊరేగింపు మధ్యాహ్నం మూడు ప్రాంతంలో మొదలవుతుంది. చదురుగుడి నుంచి కోట దాకా, మళ్ళీ వెనక్కి, అలా మూడుసార్లు. సిరిమానుకి ముందు వచ్చేవాటిని చాలామంది పట్టించుకోరు, సెల్‌ఫోన్లు పైకెత్తి మాను కోసం చూస్తుంటారు. మీరు కిందికే చూడండి. ముందు పాలధార, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. ఆ వల ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు కదా, ప్రతిమని చెరువులోంచి తీసిన వాళ్ళ వంతు అది. రెండు వందల అరవై ఏళ్ళు దాటినా వాళ్ళ వంతు వాళ్ళకే ఉంది. అంజలి రథం మీద చీరలు కట్టుకుని, బొట్టు కాటుక పెట్టుకుని కూర్చునేవాళ్ళు మగవాళ్ళు, అమ్మవారి పరిచారికల వేషం. జనం మీదికి అక్షింతలు చల్లుతారు. కోట బురుజు మీదనుంచి పూసపాటి వంశం వాళ్ళు, అంటే విజయనగరం రాజుల కుటుంబం, చూస్తారు. మాను కోట ముందు వచ్చి ఆగిందంటే చెల్లెలు అన్నగారి ఇంటి ముందుకి వచ్చి దీవించి వెళ్తోందని మా అమ్మమ్మ లెక్క.

అరటిపళ్ళ గురించి హెచ్చరించాలి. మాను వస్తున్నప్పుడు జనం మొక్కుగా అరటిపళ్ళు విసురుతారు, పూజారి వైపు. అంత ఎత్తుకి అన్నీ చేరవు కదా, చేరనివి మన నెత్తిన పడతాయి. ఒక ఏడు నా చెవి మీద పండు పడి బొయ్యిమంది, కమ్మ ఊడి ఎక్కడో పడిపోయింది. బంగారం పెట్టుకుని రాకండి. పైన పడేవి సరే, కింద పడ్డవి ఇంకా ప్రమాదం. మూడో విడత అయ్యేసరికి తారు రోడ్డు మీద పళ్ళు తొక్కి తొక్కి జారుడు బండలా తయారవుతుంది. చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేసుకోండి.

ఎక్కడ నిలబడాలన్నది మీ అసలు ప్రశ్న. చదురుగుడి ఎదురుగా ఉంటే బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది, అందుకే అక్కడ ఊపిరాడదు. మీ అత్తగారితో అయితే ఆ ఆలోచనే వద్దు. దారి పొడుగునా దుకాణాలూ మేడలూ ఉన్నాయి. చాలామంది మేడల మీద చుట్టాల్ని ఎక్కించుకుంటారు. తెలిసినవాళ్ళు ఉంటే సిగ్గుపడకుండా అడగండి, పండగ రోజు మా ఊళ్ళో కాదనరు. ఎవరూ లేకపోతే కోట వైపు చివర చోటు చూసుకోండి. అక్కడ రోడ్డు వెడల్పు. పన్నెండు గంటలకల్లా అన్నం తినేసి, ఒంటిగంటకి వెళ్ళి ఒకచోట కూర్చుని, ఇంక కదలకండి. మూడుసార్లు వస్తుంది కాబట్టి మొదటిసారి సరిగ్గా కనబడకపోతే టెన్షన్ పడక్కర్లేదు. మొదటిసారి ఫోన్లో తీసుకోండి, రెండోసారి ఫోన్ లోపల పెట్టి చూడండి. మాను మన మీదుగా వెళ్ళేటప్పుడు తల పూర్తిగా వెనక్కి వాల్చాలి. ఆ క్షణాన చుట్టూ ఉన్న గోల కాసేపు తగ్గుతుంది. తాళ్ళు బిగుసుకునే చప్పుడు, ఇరుసు కిర్రుమనడం వినబడతాయి. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే వెనకనుంచి ఒకావిడ వీపు మీద తట్టి "ఏటమ్మా అలా నిలబడిపోనావు, దణ్ణం ఎట్టుకో!" అంది ఒకసారి. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళ అలవాటు ఈ పండగ.

పిల్లాడి జేబులో మీ ఫోన్ నంబర్ రాసిన కాగితం పెట్టండి. పూర్తి పేరు చెప్పడం నేర్పండి. మా మేనల్లుడు ఐదేళ్ళప్పుడు జనంలో చెయ్యి వదిలేశాడు. పోలీసు పందిట్లోకి ఎవరో చేర్చారు. పేరేంటంటే చిన్ను అన్నాడట, నాన్న పేరేంటంటే డాడీ అన్నాడట. మైకులో "చిన్ను అనే బాబు, వాళ్ళ డాడీ ఎక్కడున్నా రావాలి" అని ఇరవై నిమిషాలు అరిచారు. మా తమ్ముడు వెళ్ళేసరికి అక్కడ ఇంకో ఇద్దరు డాడీలు నిలబడి ఉన్నారు.

మొక్కుల కోళ్ళూ మేకలూ కనబడతాయి, పిల్లాడికి ముందే చెప్పి ఉంచండి. చిన్నబుచ్చుకునేలా మొహం పెట్టకండి, పక్కవాళ్ళ మొక్కు అది.

బస గురించి. చుట్టాలు లేనివాళ్ళకి ఇదే పెద్ద తలనొప్పి. పండక్కి ఇక్కడివాళ్ళే కాదు, ఒడిశా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా జనం వస్తారు. ఒక ఏడు మా ఆడపడుచు వాళ్ళకి ఒక లాడ్జిలో నెల ముందే రూము మాట్లాడి, అడ్వాన్సు కూడా ఇచ్చాం. వాళ్ళు పెట్టెలతో దిగేసరికి ఎక్కువ ఇచ్చిన ఎవరికో ఇచ్చేశారు. పేరెందుకులెండి. అప్పటినుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను: డబ్బు కట్టిన రసీదు చేతిలో ఉండాలి, ముందురోజు ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి. ఊళ్ళో దొరక్కపోతే విశాఖలో ఉండొచ్చు, 60 కిలోమీటర్లే. కానీ మంగళవారం కారులో రావద్దు, ఊరి బయటే ఆపేస్తారు. రైల్లో రండి. హౌరా, చెన్నై మెయిన్‌లైన్ మీద జంక్షన్ కాబట్టి రైళ్ళకి లోటు లేదు. బెంగళూరు నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ నేరుగా ఇక్కడ ఆగుతుంది. స్టేషన్ దిగగానే వనంగుడి దగ్గరే, అత్తగారికి అక్కడే మొదటి దర్శనం చేయించండి. చదురుగుడి క్యూలో ఆవిడ నిలబడలేరు.

ఇప్పుడు బుధవారం. నాకు ఇష్టమైన రోజు. పొద్దున్న ఆరింటికి లేచి కోట జంక్షన్‌కి వెళ్ళండి. మునిసిపాలిటీ వాళ్ళు అరటితొక్కలు గుట్టలుగా ఊడుస్తుంటారు, ఆవులు వాళ్ళ వెనకే తిరుగుతుంటాయి. టీ కొట్టు తెరిచి ఉంటుంది. కొట్టు దగ్గర జరిగే చర్చ ప్రతి ఏడూ ఒకటే, నిరుడుకన్నా ఈ ఏడు జనం ఎక్కువా తక్కువా అని.

కోట హంపీలా ఉంటుందా అని అడిగారు కదా. హంపీ విజయనగరం వేరు, ఇది వేరు. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మా ఊరికి జె బదులు జెడ్ వస్తుంది, అది చూసి గుర్తుపట్టండి. హంపీ శిథిలమైన రాజధాని, మాది ఇంకా వాడుకలో ఉన్న కోట. 1713లో, విజయ నామ సంవత్సరం విజయదశమి నాడు మొదలుపెట్టారని, రాజుగారి పేరులోనూ విజయమే, వారం కూడా జయవారమైన మంగళవారమే అని, విజయాలన్నీ కలిసొచ్చేలా ముహూర్తం పెట్టారని చెప్పుకుంటారు. లోపల ఎక్కువ భాగం కాలేజీలు. శాసనాలూ గైడూ లాంటివి ఆశించి వస్తే నిరాశే. పుస్తకాల సంచులతో పిల్లలు ఆ పాత గోడల కింద సైకిళ్ళు ఆపుకుంటుంటారు, చూడాల్సింది అదే. ప్రధాన ద్వారం దగ్గర ఉన్నది నగారాఖానా, అంటే నగారాలు మోగించే చోటు. కాసేపు బయట నిలబడి చూడండి.

కోట దగ్గరే బొంకులదిబ్బ. కన్యాశుల్కం చదివినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, గిరీశం మొదట కనబడేది అక్కడే. చదవనివాళ్ళు రైల్లో వచ్చేటప్పుడు మొదటి అంకమైనా చదువుకుని రండి. ఆ నాటకం మొదటిసారి ఆడింది కూడా ఈ ఊళ్ళోనే, 1892లో. గురజాడ అప్పారావుగారి ఇల్లు అక్కడినుంచి నడక దూరం. పెంకుటింటి లెక్కలో చిన్నదే, ఆయన వాడిన వస్తువులు కొన్ని ఉన్నాయి. పండగ వారంలో తాళం వేసి ఉండే అవకాశం ఉంది, తలుపు దగ్గర ఎవరైనా ఉంటే మర్యాదగా అడగండి. బయటినుంచి చూసి వచ్చినా నష్టం లేదు. అలాంటి ఇంట్లో కూర్చుని అలాంటి మాటలు రాశాడా అనిపిస్తుంది.

సంగీత కళాశాల మాత్రం వదలకండి. 1919లో మహారాజావారు పెట్టింది. ఆస్థానంలో పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేదని, ఆ పిల్లాడు సంగీతం నేర్చుకోవాలని ఉందన్నాడని, ఆ ఒక్కడి కోసం మొదలుపెట్టబోయి ఊరందరికీ పెట్టారని చెబుతారు. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు విద్యార్థిగా చేరదామని వస్తే, వాయులీనం విని నారాయణదాసుగారు ఆయన్ని గురువుగానే వేసేశారు. ఇక్కడే ఘంటసాల చదువుకున్నారు, సుశీల కూడా. ఘంటసాలగారు ఇక్కడ వారాలు చేసుకుని, అంటే రోజుకో ఇంట్లో భోంచేస్తూ, చదువుకున్న రోజుల కథలు పాత వీధుల్లో ఇంకా చెప్పుకుంటారు. మధ్యాహ్నం పూట వెళ్తే ఒక గదిలో సరళీస్వరాలు, పక్క గదిలో వయొలిన్, ఇంకో గదిలో మృదంగం, అన్నీ ఒకదానిమీద ఒకటి పడి వినబడతాయి. గేటు దగ్గర చెప్పి వరండాలో ఓ పక్కన కూర్చోండి. మీ అత్తగారికి ఊళ్ళో అన్నిటికన్నా నచ్చేది ఇదే అని నా పందెం. మోకాళ్ళతో పని లేదు. అయితే పండగ మర్నాడు క్లాసులు ఉన్నాయో లేవో ముందురోజే కనుక్కోండి.

దారిలో గంటస్తంభం కనబడుతుంది, ఎనిమిది పలకల గోపురం, 1885 నాటిది. ఫోటో తీసుకుని ముందుకి కదలండి, ఆ ట్రాఫిక్‌లో అంతకన్నా సేపు నిలబడలేరు.

తిండి గురించి పెద్దగా చెప్పను. పండగ రెండు రోజులూ హోటళ్ళలో రద్దీ, రుచి రెండో మాట. జాతరలో జీళ్ళు, ఖర్జూరాలు కొనుక్కోండి, పిల్లాడి పళ్ళకి అంటుకుంటే నన్ను తిట్టకండి. ఇంటికి పట్టుకెళ్ళడానికి భీమాలి మామిడితాండ్ర. మా జిల్లాలోదే, పొరలు పొరలుగా వస్తుంది, మరీ నల్లగా ఉంటే పాతదని గుర్తు.

ఒక రోజు ఎక్కువ దొరికితే రెండు దారులున్నాయి. రామతీర్థం పన్నెండు కిలోమీటర్ల దూరం. కింద రామాలయం, పక్క కొండ మీద బౌద్ధుల కట్టడాల శిథిలాలు. ఆ కొండ అత్తగారు ఎక్కలేరు, మీరు వంతులేసుకోవాలి. నన్నడిగితే బొబ్బిలి వెళ్ళమంటాను. యుద్ధ స్తంభం చూసి, పక్కనే గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. పనస దుంగని ముక్కలు అతక్కుండా ఒకే కర్రలోంచి తొలిచి వీణ చేస్తారు, ఏకాండి వీణ అంటారు. కుండ భాగం లోపల ఉలితో తొలుస్తుంటే పసుపుపచ్చటి పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతుంది. మా అబ్బాయి చిన్నప్పుడు ఆ పొట్టు జేబునిండా పోసుకుని తెచ్చాడు. బొమ్మంత చిన్న వీణలు కూడా అమ్ముతారు, మీవాడు అడుగుతాడు, బేరం ఆడకండి.

సెలవు ఉన్నవాళ్ళకి ఇంకో మాట. మంగళవారంతో పండగ అయిపోదు. ఆ తర్వాతి మంగళవారం పెద్దచెరువులో తెప్పోత్సవం, ఆ పైన ఉయ్యాల కంబాల అనే వేడుక. తెప్పోత్సవానికి జనం ఇందులో పదో వంతు కూడా ఉండరు. చెరువుగట్టు మీద చాప వేసుకుని కూర్చుని చూడొచ్చు. జనం అంటే మీ అత్తగారికి నిజంగా భయమైతే, సిరిమాను మానేసి ఆ వారం రండి. నేనేమీ తప్పుగా అనుకోను.

తిరుగు రైలు మాత్రం బుధవారం రాత్రిది తీసుకోండి. మంగళవారం రాత్రిది ఎంత ఖాళీగా కనబడినా వద్దు. మూడో విడత అయ్యాక ఆ జనమంతా ఒక్కసారే స్టేషన్ దారి పడతారు.